నా మీద నేనే సమ్మె

మే 1, 1972

ఈ రోజు ఊరేగింపులో నాకు చోటు దొరకలేదు.

నేనెవరో తెలియక కాదు. పదిహేనో ఏట నుంచి ఎర్ర రుమాలు మెడకు చుట్టుకుని నడుస్తున్నదాన్ని. టోపీల ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్ళు టోపీలవాళ్ళ బ్యానర్ కింద నడిచాను. అది మూతపడ్డాక వంటింట్లో ఒక అల్లిక మెషిన్ పెట్టుకుని, ఇంటిదగ్గర అల్లేవాళ్ళ బ్యానర్ కింద నడిచాను. ఇప్పుడు ఇంటి వెనక సొంత షెడ్డుంది. పన్నెండు మంది ఆడవాళ్ళు అందులో స్వెటర్లు అల్లుతున్నారు. అలవాటు కొద్దీ వాళ్ళ వరసలోనే పోయి నిలబడ్డాను. జెలిండా వెనక్కి తిరిగి, ఏమే అర్జియా, దారి తప్పావా, ఇది కూలోళ్ళ వరస, ఓనరమ్మలు ఎక్కడ నడుస్తారో నాకేం తెలుసు, వెనక ట్రాక్టర్ల దగ్గర అడిగి చూడు అంది. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారు.

జెలిండా నా స్నేహితురాలే. టోపీల ఫ్యాక్టరీలో ఒకే బల్ల మీద పని నేర్చుకున్నాం. ఇప్పుడు నా షెడ్డులో పనిచేస్తుంది, యూనియన్ ప్రతినిధి కూడా తనే. నాకు ఒక నోరుంటే దానికి రెండున్నాయి.

చివరికి బ్యాండు మేళంతో కలిసి నడిచాను, పెద్ద డోలుకీ బాకాకీ మధ్య. చెవులు ఇంకా గింగురుమంటున్నాయి.

మే 2

ఎర్మెస్‌కి చెప్పాను. నా మొగుడు. షెడ్డులో మెషిన్లు బాగుచేసేది ఆయనే. మాటలకు కూడా పన్ను కట్టాలన్నట్టు పొదుపు. అంతా విని, బ్యాండు వాళ్ళకీ యూనియనుంది, వాళ్ళూ నిన్ను ఒప్పుకోరు అన్నాడు. అని పడుకున్నాడు.

మే 13

మజ్జోలి గారు ఇంటికొచ్చాడు! ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద స్వెటర్ ఫ్యాక్టరీ ఆయనది, యజమానుల సంఘానికి అధ్యక్షుడు, ఆదివారం ప్రార్థనలో మొదటి వరస. మా గుమ్మం తొక్కడం ఇదే మొదలు. వచ్చే శనివారం సంఘం విందుకు రమ్మని పిలిచాడు. నేను పార్టీ మనిషినండీ, మీకు తెలుసుగా అన్నాను. తెలుసు సిన్యోరా, అదంతా లేనినాటి జ్వరం, ఉన్ననాడు దానంతటదే తగ్గుతుంది, నీరు పల్లమెరుగు, ఓటు ఆస్తినెరుగు, ఇహ మీరు మావాళ్ళే అన్నాడు.

మా అమ్మమ్మకు ఆస్తీ లేదు, ఓటూ లేదు. ఆవిడ దేన్ని ఎరిగి జెండా పట్టుకుందో ఈయన్ని అడగాల్సింది. ఇలాంటివన్నీ మనిషి కారెక్కి వెళ్ళిపోయాకే తడతాయి నాకు.

మే 20, శనివారం

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చూడాలనిపించి. అంతే.

వడ్డించేవాళ్ళకు తెల్ల చేతి తొడుగులు. గోడల నిండా అద్దాలు, ఎటు చూసినా నేనే కనపడుతున్నాను, నా చెప్పులు కూడా. ఆ తర్వాత ఘోరం జరిగింది. తోర్తెల్లీని తెచ్చారు. పిండి రేకులో చిటికెడు మాంసం పెట్టి చిటికెన వేలి చుట్టూ మడిచి, వేడి వేడి కోడి రసంలో తేలేసి తినాల్సిన తోర్తెల్లీని, మీగడలో ముంచి తెచ్చారు! ఇప్పుడు ఇదే ఫ్యాషనట. మా అమ్మ బతికుంటే అక్కడికక్కడే పోలీసుల్ని పిలిచేది.

నిజం రాస్తాను, ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఒప్పుకోను. బాగున్నాయి. మారు వేయించుకున్నాను.

ఇంకో నిజం ఉంది, అది దానికన్నా చేదు. భోజనాల దగ్గర అందరూ ఒకటే పాట. జర్మనీవాడు ధర తగ్గిస్తున్నాడని, నూలు ఆలస్యంగా వస్తోందని, సీజన్‌లోనే పనివాళ్ళకు కడుపునొప్పులొస్తాయని. నేను తలూపుతున్నాను. ఎప్పటి నుంచి ఊపుతున్నానో నాకే తెలియలేదు. తెలిసిన క్షణాన మెడ బిగుసుకుపోయింది. మజ్జోలి గారు నా వైపు చూసి, చెప్పానా అన్నట్టు నవ్వాడు.

ఇంటికొచ్చి రొట్టె ముక్క కోసుకుని ఉప్పు వేసుకుని తిన్నాను. ఆకలేసి కాదు.

జూన్ 6

జర్మనీవాడి పెద్ద ఆర్డర్ వచ్చింది! చలికాలం స్వెటర్లు, జూలై మధ్యలో పంపాలి. రెండు కొత్త మెషిన్లు కొనొచ్చు. ఎర్మెస్ ఈల వేశాడు. పెళ్ళైన కొత్తలో వేసిన ఈల.

జూన్ 19

ఎండలు ముదిరాయి. షెడ్డు పైకప్పు రేకులు మధ్యాహ్నానికి పెనంలా కాలుతున్నాయి.

సాయంత్రం జెలిండా, లొరెట్టా వంటింటికొచ్చారు. లొరెట్టా చురుకైన పిల్ల, చివరి మెషిన్ తనది. షెడ్డులో అందరికన్నా వేగం, అందరికన్నా పెద్ద గొంతు. జెలిండా రోజూ లాగా కుర్చీ లాక్కుని కూర్చోలేదు. నిలబడింది. అప్పుడే అనుకున్నాను, కొంప మునిగిందని. రేకుల కింద సీలింగ్ వేయించాలట. మధ్యాహ్నం అరగంట విరామం ఇవ్వాలట. ఇంత వరకూ బాగానే ఉంది. ఆ తర్వాత వేలు పైకెత్తి, మేం మనుషులం, పొయ్యిలో పెట్టి కాల్చడానికి రొట్టెలం కాదు అంది.

అది నా మాట! టోపీల ఫ్యాక్టరీలో బల్లెక్కి నేనన్న మాట! ఆ వేలు ఎత్తడం కూడా నాదే!

ఆర్డర్ వెళ్ళనీ, అప్పుడు చూద్దాం అన్నాను. ఆ మాట నోరు దాటాక తెలిసింది, టోపీల ఫ్యాక్టరీ దొర అనేదీ సరిగ్గా ఇదేనని. జెలిండాకూ తెలిసింది. నవ్వింది, ముదనష్టపుది.

జూన్ 20

కోపం దిగలేదు. నా షెడ్డు, నా రేకులు, నా స్నేహితురాలు, ఆఖరికి తిట్టడానికి నా మాటలే!

జూన్ 24

రెండు మెషిన్లకూ బేరం కుదిరింది. సీలింగ్ వేయిస్తే ఒకటే వస్తుంది. ఎర్మెస్‌ని ఏం చేద్దామన్నాను. నన్నడుగుతావేం, నేనూ ఆ రేకుల కిందే కదా ఉండేది అన్నాడు. ఇంట్లో కూడా నాకు ఓటు పడటం లేదు.

జూన్ 27

గురువారం సమ్మె. నా షెడ్డులో. నా మీద.

అది చాలదన్నట్టు వాండో పిలిపించాడు. పార్టీ మా ఊరి శాఖకు కార్యదర్శి, పనికి మంగలి. ఒకరికి గడ్డం గీస్తూనే నాతో మాట్లాడాడు. ఆ కుర్చీలో ఉన్నాయన నురగ మొహంతో చెవులు రిక్కించి వింటున్నాడు. కామ్రేడ్, కొంతమంది అడుగుతున్నారు, పన్నెండు మంది చేత పని చేయించుకునే మనిషికి మన పార్టీ కార్డెందుకని, సమ్మె దాకా వచ్చాక ఇంక నేను కప్పిపుచ్చలేను, జూలై మీటింగులో తేల్చాలి అన్నాడు. కార్డు లేకపోతే తిరునాళ్ళ బల్ల కూడా ఉండదు అన్నాడు.

పార్టీ తిరునాళ్ళకు ఊరి ఆడవాళ్ళందరం ఆగస్టంతా సాయంత్రాలు కూర్చుని తోర్తెల్లీని మడుస్తాం. ఆ బల్లకు పెద్దని నేనే. నా తర్వాతే ఎవరైనా పిండి ముట్టుకునేది. షెడ్డు పోయినా మళ్ళీ వంటింట్లో మొదలుపెట్టగలను. ఆ బల్ల పోతే నేనెవర్ని? మజ్జోలి గారి అద్దాల్లో చెప్పులు చూసుకుంటూ ముసలిదాన్నవ్వాలా?

నాకు భయంగా ఉంది. రాసుకుంటే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

జూన్ 29, పొద్దున్నే

పెద్ద పాత్ర నిండా కాఫీ కాచాను. సమ్మె రోజు పొద్దున గేటు దగ్గర నిలబడేవాళ్ళకు వేడి కాఫీ ఉండాలి, అది మా ఇంటి ఆచారం. మెడకు రుమాలు కట్టుకున్నాను. గేటు బయటికి పోయి వరసలో నిలబడ్డాను, జెలిండాకూ లొరెట్టాకూ మధ్య. ఎర్మెస్ కిటికీలోంచి చూస్తూ నోరు తెరిచాడు. ఎందుకో అర్థం కాలేదు.

మొదటి నినాదం ఇచ్చింది కూడా నేనే.

జెలిండా నా భుజం పట్టుకుని, అర్జియా, నీకు జ్వరమా అంది. సమ్మె ఎవరి మీదే? నీ మీద. నువ్వొచ్చి ఇక్కడ నిలబడితే మేమెవర్ని తిట్టాలి, గోడనా? కాఫీ అక్కడ పెట్టి లోపలికి పో అంది. పక్కనే ఉంటాను, ఏమీ అనను అన్నాను. కుదరదు, లోపల ఓనరుంటేనే బయట సమ్మె, చిన్నప్పుడు నువ్వే నేర్పావు కదా అంది.

లోపలికొచ్చాను. ఇది షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. బయట నా కాఫీ తాగుతూ నన్ను తిడుతున్నారు. కాఫీ బాగుందని కూడా అంటున్నారు.

జూన్ 29, సాయంత్రం

నా జన్మలో ఇంత నవ్వలేదు, ఇంత చెమటా పట్టలేదు. వరసగా రాయాలి.

షెడ్డులో ఒక్కదాన్నే ఏం చేయను? పోయి లొరెట్టా మెషిన్ ముందు కూర్చున్నాను. చేతులు ఊరుకోవు కదా, ఒక స్వెటర్ చెయ్యి అల్లడం మొదలుపెట్టాను. చప్పుడు బయటికి వినిపించింది కాబోలు, లొరెట్టా కిటికీకి మొహం ఆనించి, సమ్మె ద్రోహీ అని కేక పెట్టింది. సమ్మె ద్రోహి! నా షెడ్డులో, నా మెషిన్ మీద, నా నూలుతో! బయట పన్నెండు మందీ అందుకున్నారు. నిజంగానే సిగ్గేసింది. మెషిన్ ఆపేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి రేకులు టపటపమనడం మొదలైంది. ఆ చివరి మూలకు గాలి రాదు. నేనెప్పుడూ గుమ్మం దగ్గర కత్తిరింపు బల్ల ముందే ఉంటాను, అక్కడ గాలొస్తుంది. ఈ మూలకు వచ్చినా పని చూసి వెళ్ళిపోతాను, కూర్చోను. ఇవాళ కూర్చున్నాను. ముందు మెడ, తర్వాత కళ్ళు, తర్వాత బుర్ర ఉడికాయి. ఈ పిల్ల ఇక్కడ కూర్చుని అందరికన్నా వేగంగా ఎలా అల్లుతోందో! సీలింగ్ లేకపోతే జూలైలో చచ్చిపోతుంది. ఈ మాట బయటికి పోయి చెబుదామని లేచాను. అంతలో పాట మొదలెట్టారు.

వరికోత ఆడవాళ్ళ పాత పాట. మొదటి చరణం బాగానే పాడారు. రెండోది ఎవరికీ రాదు. ఊఁ ఊఁ అని నూకేస్తున్నారు. ఎంతసేపని వినను? కిటికీ తెరిచి రెండో చరణం అందించాను. వాళ్ళు అందుకున్నారు. మూడోది కూడా నేనే ఎత్తాను. అలా నేను లోపల నుంచి, వాళ్ళు బయట నుంచి పాడుతుంటే వీధిలో సైకిళ్ళు ఆగిపోయాయి.

సరిగ్గా అప్పుడు మజ్జోలి గారి కారొచ్చింది. నన్ను కాపాడటానికట. కారు దిగి, గేటు దగ్గర నిలబడి, సిన్యోరా, భయపడకండి, నేనున్నాను, వీళ్ళ పేర్లు ఇవ్వండి చాలు, రేపట్నుంచి ఈ ఊళ్ళో ఒక్కరు పని ఇస్తే ఒట్టు అని అరిచాడు.

నా ఒళ్ళు భగ్గుమంది. కిటికీలోంచి నడుము దాకా వంగి, మా సమ్మెలో వేలు పెట్టడానికి నువ్వెవరయ్యా, నీ పెత్తనం నీ మీగడ గిన్నెల మీద చూపించుకో, నడువ్ అన్నాను. గారూ లేదు, మీరూ లేదు. బయట అందరూ చప్పట్లు కొట్టారు. కారు తిప్పుకునే చోటు లేక సందు చివరిదాకా వెనక్కే నడుపుకుంటూ పోయాడు పాపం.

జెలిండా కిటికీ దగ్గరకొచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి. మా సమ్మె అన్నావే అంది. అవునే, ఈ మూలలో మనిషి బతకదు, సీలింగ్ వేయిస్తానే అన్నాను. నోరు మూసుకో, సమ్మె సాయంత్రం దాకా ఉంది, రేపు అడుగుతాం, రేపు ఒప్పుకో అని కిటికీ బయట నుంచి మూసేసింది.

జూన్ 30

ఒప్పుకున్నాను. సీలింగ్, అరగంట విరామం. జెలిండా ఇంకో రెండు ఫ్యాన్లు కూడా అడిగింది, దానికీ ఒప్పించింది. ఏం బేరమాడుతుంది! ఎదుట కూర్చుని ఓడిపోతూ కూడా ముచ్చటేసింది. కొత్త మెషిన్ ఒకటే కొంటాం. ఆర్డర్ ఒక రోజు ఆలస్యమవుతుందని జర్మనీవాడికి ఫోన్ చేశాను. సమ్మె జరిగిందని చెబితే అయ్యో పాపం అన్నాడు. లేదండీ, చాలా బాగా జరిగింది అన్నాను. సరిగా వినపడలేదు, మళ్ళీ చెప్పండి అన్నాడు.

జూలై 13

రేపు మీటింగ్. నిద్ర పట్టదు.

జూలై 14

నన్ను బయట కూర్చోమన్నారు. నా గురించి మాట్లాడేటప్పుడు నేను ఉండకూడదట. పెరట్లో బెంచీ మీద కూర్చున్నాను. లోపల గొంతులు లేస్తున్నాయి, పడుతున్నాయి, మాటలు మాత్రం తెలియడం లేదు.

లోపల జరిగింది ఎర్మెస్ చెప్పాడు, మొదటి నుంచి చివరిదాకా. ఆయన నోట ఇన్ని మాటలు రావడం నేను ఎరగను. వాండో లేచి, మనిషి ఎక్కడ నిలబడితే ఆలోచన అక్కడిదే అవుతుంది, ఇవాళ కాకపోతే రేపు అన్నాడట. చాలామంది నిజమే అన్నారట. నాకు విందులో తలూపడం గుర్తొచ్చి, వాండో తప్పు చెప్పలేదనిపించింది.

అప్పుడు జెలిండా లేచిందట. సమ్మె చేసింది మేం, కోపం ఉంటే మాకుండాలి, మీకెందుకు అందట. ఓనరు ఎవరో ఒకరు ఎటూ ఉంటారు, మనదైతే అదుపులో పెట్టుకోవచ్చు, తలూపడం మొదలెడితే లాగి కూర్చోబెట్టడానికి మేమున్నాం అందట. వెళ్ళగొట్టండి, ఏమవుతుంది? మజ్జోలి పక్కన కూర్చుని తోర్తెల్లీని మీగడలో తింటుంది, ఆ పాపం ఎవరిదో మీరే చెప్పండి అందట. హాలు హాలంతా ఛీ అందట.

మీగడ సంగతి దానికి చెప్పాను. బాగుందని చెప్పలేదు.

నా కార్డు ఉంచాలన్నవాళ్ళు చేతులెత్తమంటే అందరూ ఎత్తారట, ఒక్కరు తప్ప. ఎవరా ఒక్కరు అని అడిగాను. నేనే అన్నాడు ఎర్మెస్. ఇంటివాళ్ళు ఓటెయ్యడం పద్ధతి కాదు కదా అన్నాడు.

ముందు కొట్టాను, తర్వాత ముద్దు పెట్టుకున్నాను.

ఆగస్టు 22

బల్ల! పిండి! ఇరవై మంది ఆడవాళ్ళు! బల్ల దగ్గర కూలీ మాట ఎత్తకూడదన్నది మా నియమం, దాంతో ఊళ్ళో మొగుళ్ళందరి పరువూ పోయింది. జెలిండా మడిచినవి ఈసారి కూడా వంకరే. విప్పించి మళ్ళీ మడిపించాను. షెడ్డులో నువ్వు ఓనరమ్మవు, ఇక్కడ నియంతవు అంది. దీని మీద మాత్రం సమ్మె కుదరదు అన్నాను.

లొరెట్టా ఎందుకో మాటాపలుకూ లేకుండా ఉంది.

సెప్టెంబర్ 3

తిరునాళ్ళు. ఎర్మెస్‌తో నా కాళ్ళు పడిపోయేదాకా డాన్సు చేశాను. గుడారం మూల బల్ల దగ్గర ఒకాయన టోపీ చెవులదాకా లాక్కుని, తల వంచుకుని తింటున్నాడు. నేనే వడ్డించాను. కోడి రసంలో, మారు కూడా. మజ్జోలి గారు తలెత్తకుండానే, రుచికి పార్టీ ఏముంది సిన్యోరా అన్నాడు. రుచికి లేదండీ, వంట చేసేవాళ్ళకుంది అన్నాను. ఈసారి మాట వేళకు తట్టింది!

సెప్టెంబర్ 18

లొరెట్టా పని మానేసింది. వాళ్ళ నాన్న గ్యారేజీలో రెండు మెషిన్లు పెట్టుకుందట. పిన్నినీ, పిన్ని కూతుర్నీ పనిలో పెట్టుకుందట. తల దించుకుని, అక్కా, నా కార్డు ఉంటుందా అని అడిగింది. ఉంటుందే అన్నాను. మీ పిన్ని సమ్మె చేసే రోజు మాత్రం నాకు ముందే కబురు పెట్టు అన్నాను. లోపల ఎలా కూర్చోవాలో నేర్పడానికా అక్కా అంది.

కాదే పిచ్చిదానా. బయట నిలబడటానికి.